కత్తి జాగాలో నిమ్మకాయ

నేను పడవ మీద ఉద్యోగం చేసి రిటైరయ్యానంటే కొత్తవాళ్లు ఏ కాకినాడో విశాఖపట్నమో అనుకుంటారు. కాదండీ, ఆబిడ్స్‌కూ నాంపల్లికీ మధ్య అంటే నవ్వుతారు. నవ్వనీయండి. సిటీ బస్సుకే దారి దొరకని చోట పడవకు దారేమిటని చేరిన రోజు నేనూ నవ్వుకున్నాను.

మాది వరదల్లో చిక్కుకున్న మనుషుల్ని బయటికి తెచ్చే స్టేషన్. షెడ్డులో ట్రాలీ మీద ఒక రబ్బరు పడవ, దాని వెనక ఒక మోటారు. ఏడాదిలో చాలా రోజులు ఆ పడవ చూసేది నీళ్లను కాదు, దుమ్మును. వానాకాలంలో నాలాలు పొంగినప్పుడో, పైనున్న చెరువుల గేట్లు ఎత్తి మూసీలోకి నీళ్లు వదిలినప్పుడో ట్రాలీని జీపు వెనక తగిలించుకుని బయల్దేరేవాళ్లం. మొజంజాహీ మార్కెట్ ముందు నుంచి పోతుంటే ఐస్‌క్రీం తినేవాళ్లు చెంచాలు నోటి దగ్గరే ఆపి చూసేవాళ్లు.

కాగితం మీద నా హోదా పెద్దదే. చేసిన పని మాత్రం సర్దడం. ఇప్పుడు స్టేషన్‌లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "ఈ సర్దుడుకు అంత సీనెందుకు సార్?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

పడవలో సామాను సర్దడం అల్మారాలో బట్టలు సర్దడం లాంటిది కాదు. అల్మారా మీద జనం వచ్చి కూర్చోరు. వరదలో చిక్కుకున్న మనిషి పడవ ఎక్కితే కాలు ఎక్కడ పెడుతున్నాడో చూసుకోడు. తాడు మీద కూర్చుంటాడు, మందుల పెట్టె మీద పిల్లను నిలబెడతాడు. అప్పుడు "అమ్మా, జర లేస్తే పంపు తీసుకుంటా" అంటే ఎవరూ లేవరు, లేవడానికి చోటూ ఉండదు. అందుకని నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే. నడుమ మనుషులు, అంచులకు సామాను. ముందు భాగంలో ఎడమ చేతికి తాడు, కుడి చేతికి కత్తి. కత్తికి రబ్బరు గోడకే అతికించిన ఒక జేబు. గాలి పంపు వెనక, పెట్రోలు డబ్బా దాని పక్కన. కళ్లు మూసుకుని, మోకాళ్ల సందుల్లోంచి చెయ్యి పెట్టినా ఏది కావాలంటే అది చేతికి రావాలి.

ఈ చాదస్తం నాకు ఇంట్లోనూ ఉంది. మా ఆవిడ చెంచాల డబ్బాలో గరిటె కనిపిస్తే నేను కాఫీ తాగనని చుట్టాలందరికీ చెప్పి పెట్టింది. స్టేషన్‌లో నా వెనక నన్ను "అల్మారా" అనేవాళ్లు. ముందర అన్నా నేను పట్టించుకునేవాణ్ణి కాదు.

నాకు జోడీగా పడింది మోటారు నడిపే తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, పిలుపుకు తమ్ముడు. పాలమూరు దిక్కువాడు. వాళ్ల నాన్న వ్యవసాయం వదిలేసి బేగం బజార్‌లో మూటలు మోసి ఇతణ్ణి చదివించాడు. మోటారు దగ్గర ఇతని చెయ్యి బంగారం. చెవి పెట్టి విని జబ్బు చెప్పేసేవాడు. సామాను దగ్గరికొస్తే మాత్రం దేవుడే దిక్కు. స్క్రూడ్రైవర్ టీ ఫ్లాస్కులో దొరికేది. ఒకసారి మందుల పెట్టె తెరిస్తే దూది మీద మామిడికాయ తొక్కు డబ్బా ఉంది.

"ఇదేంది తమ్మీ?" అని అరిచాను.

"చల్లగుంటదని పెట్టిన అన్నా. నువ్వు తినవా ఏంది?" అన్నాడు. అతని మీద కోపం నిలవదు. అదే నా కష్టం.

అతనికి భక్తి ఎక్కువ. నాకు తక్కువ. కానీ దసరాకు ఆయుధపూజ అంటే స్టేషన్ మొత్తానికీ పండగే. జీపు, పడవ, మోటారు, తెడ్లు అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలేసి వరసగా పెట్టేవాళ్లం. సామాను ఏడాదికొకసారి మొత్తం బయటికి వచ్చి ఎండ చూసేది ఆ రోజే కాబట్టి నాకూ ఇష్టంగానే ఉండేది. తీసినదాన్ని మళ్లీ నా చేత్తో నేనే సర్దేవాణ్ణి. ఆ ఒక్క రోజు నన్ను ఎవరూ తొందరపెట్టేవారు కాదు.

ఆ ఏడాది దసరాకు మాత్రం ముందు రోజు నుంచే ఒకటే వాన. గేట్లు ఎత్తుతారని కబురు ఉంది. మా సార్ పూజ త్వరగా కానిచ్చేయమన్నారు. అమ్మవారి పటం ముందు తమ్ముడు కూర్చున్నాడు. బూడిద గుమ్మడికాయ కోయబోతే వంటింటి కత్తి తెగలేదు. అటూ ఇటూ చూసి పడవలోంచి మన కత్తి పట్టుకొచ్చాడు. గుమ్మడికాయ కోశాడు, లోపల కుంకుమ అద్దాడు. కత్తి కడిగి, తుడిచి, దానికీ బొట్టు పెట్టి పటం ముందు పెట్టాడు.

అతని లెక్కలో అది తప్పు కాదు. ఆలోచిస్తే నా లెక్కలోనూ కాదు. ఆయుధపూజ అంటాం. మా దగ్గర తెడ్డు, తాడు, పంపు, లైఫ్ జాకెట్లు ఉన్నాయి. ఆయుధం అనదగ్గది ఆ కత్తి ఒక్కటే. అది పూజలో లేకపోతే ఎట్లా?

కత్తి తీసిన జేబు ఖాళీగా కనిపించింది. దిష్టి తగలకూడదని జీపు చక్రాల కింద పెట్టగా మిగిలిన నిమ్మకాయ ఒకటి అతని చేతిలో ఉంది. దాన్ని ఆ జేబులో పెట్టాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ టైములో నేను షెడ్డు వెనక వరండాలో లైఫ్ జాకెట్లు ఆరేస్తూ, వానను తిడుతూ ఉన్నాను.

కొబ్బరిముక్కలు పంచుతుండగా ఫోన్ వచ్చింది. గౌలిగూడ వెనక, మూసీని ఆనుకుని ఉన్న బస్తీలోకి నీళ్లు వచ్చేశాయి. దండలు తెంపి అవతల పడేశాం. తలా ఒకటి అందుకుని పడవలో పడేస్తుంటే నేను పక్కన నిలబడి ఒక్కొక్కటి తడిమి చూసుకున్నాను. తాడు ఉంది. పంపు ఉంది. కత్తి జేబు మీద చెయ్యేశాను, ఎత్తుగా తగిలింది. ఉందనుకున్నాను. అసలు కత్తి షెడ్డులో బంతిపూల కింద పడుకుని ఉంది.

బస్తీ సందు మొదట్లో నీళ్లు నడుము దాకా ఉన్నాయి, లోపలికి పోయేకొద్దీ ఇంకా లోతు. సందు చివర మూసీ. అక్కడ నీళ్ల రంగే వేరు, చప్పుడే వేరు. కరెంటు తీసేశారు. జనం మేడల మీద, మెట్ల మీద నిలబడి చేతులు ఊపుతున్నారు. మొదటి రెండు విడతలూ బాగానే జరిగాయి. తర్వాతి విడతలో చివరి ఇళ్ల దాకా వెళ్లాం. అక్కడే ఆమె.

మేడ మెట్ల మీద, నీళ్లకు జానెడు పైన కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. ఒళ్లో దుప్పటి చుట్టిన బరువైనదేదో ఉంది. పసిబిడ్డేమో అనుకుని నేను చేతులు చాచాను. దుప్పటి తీస్తే నల్లటి ఇనుము. కుట్టుమిషన్ పైభాగం, బల్ల నుంచి విప్పి తెచ్చుకుంది.

"అమ్మా, సామాను లేదు. మనుషులకే చోటు లేదు," అన్నాను.

"సామాను గాదన్నా, మిషన్," అంది.

"మిషన్ సామాను కాదా?"

"మా ఆయన నడుము పడిపోయి మంచం మీదున్నడు. ఊర్ల మా అత్త కాడ ఇడిసిపెట్టొచ్చిన. జాకెట్లు గుడితెనే ఇల్లు నడిచేది. గిది నీళ్లల పోతే నేను ఏం జెయ్యాలె చెప్పు?"

 పడవలో అప్పటికే జనం ఇరుక్కుని కూర్చున్నారు. ఒక ముసలమ్మ, పిల్లలు, మూలన ఒక తండ్రి ఇద్దరు బిడ్డల్ని భుజాల మీద మోస్తూ. ఇనుప ముక్క అంచు రబ్బరుకు గీసుకుంటే అందరూ నీళ్లలోనే. అదే చెప్పాను, కొంచెం గట్టిగానే చెప్పాను. ఆమె లేచి మిషన్ను మెట్ల పైనున్న గదిలో సజ్జ మీదికి ఎక్కించి వచ్చింది. నీళ్లు సజ్జ దాకా వస్తాయా రావా అని అడగలేదు. నేనూ చెప్పలేదు, నాకు తెలియదు కాబట్టి.

ఎక్కే ముందు ఆడవాళ్లందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగాను. "మొన ఉన్నవి ఏమన్నా ఉన్నయా అమ్మా? పిన్నీసులు గిట్ల?" రబ్బరు పడవకు పిన్నీసు కూడా శత్రువే. మన ఆడవాళ్ల పుస్తెలతాడుకు పిన్నీసుల గుత్తి లేకుండా ఉండదు. వాటి కోసం మూతున్న ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టుకునేవాణ్ణి. ఆమె పుస్తెలతాడు నుంచి పిన్నీసులు తీసి డబ్బాలో వేసింది.

"ఇంకేం లేవు గదా?"

"లేవన్నా." కళ్లు నా వైపు పెట్టకుండా చెప్పింది. నేను కళ్లు చూసే రకం కాదు, సామాను చూసే రకం.

పడవ తిప్పాం. మూడు నాలుగు ఇళ్లు దాటామో లేదో మోటారు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. తమ్ముడు దాన్ని పైకి లేపి చూశాడు. ఎవరి దండెం మీదదో, నీళ్లలో కొట్టుకొచ్చిన చీర ఒకటి మోటారు పంకాకు చుట్టుకుని మెలిపడి బిగిసిపోయింది. అంతలోనే పడవ వెనక్కి జారడం మొదలైంది. వెనక మూసీ.

ఎడమ చేతికి తాడు. అది మాత్రం ఉండవలసిన చోట ఉంది. పక్కింటి కిటికీ చువ్వలు చేతికి అందగానే చుట్టేశాను. పడవ ఆగింది, కానీ తాడు వీణ తీగలా బిగిసింది. ఆ చువ్వలు ఏ కాలం నాటివో, గోడలోంచి సున్నం రాలుతోంది. అది ఎంతసేపు పట్టుకుంటుందో ఎవరికీ తెలియదు.

"కత్తి ఇయ్యి అన్నా!" అని తమ్ముడు అరిచాడు. అరిచిన వెంటనే అతని మొహం తెల్లబోయింది. అప్పటికే నా చెయ్యి కుడివైపు జేబులోకి వెళ్లింది. బయటికి వచ్చింది నిమ్మకాయ.

పసుపు రాసి, కుంకుమ పెట్టిన చక్కటి నిమ్మకాయ. నేను దాన్ని చూశాను, అతణ్ణి చూశాను. పడవలో జనం నన్ను చూశారు. ఇన్నేళ్ల తర్వాత చెబుతుంటే నవ్వొస్తోంది గానీ ఆ నిమిషం మళ్లీ జేబులో చెయ్యి పెట్టి అడుగంతా వెతికాను. తమ్ముడు పళ్లతో చీర కొరకడానికి వంగాడు. ముసలమ్మ దేవుళ్లందరినీ పేరు పేరునా పిలుస్తోంది.

అప్పుడు మిషనామె చీర కుచ్చెళ్ల దగ్గర ఎవరిదో జాకెట్ గుడ్డ చుట్టిన పొడుగాటిదాన్ని బయటికి తీసింది. కత్తెర. టైలర్ల పెద్ద కత్తెర.

నేను చెయ్యి చాచాను. ఇవ్వలేదు. "నా కత్తెర మందికియ్యనన్నా. నేనే కోస్త," అంది. ప్రాణాల మీదికొచ్చినా టైలరు టైలరే. పక్కనున్న ఆడవాళ్లు ఆమె నడుము పట్టుకున్నారు. వెనక అంచు మీద బోర్లా పడుకుని, నీళ్లు మొహాన కొడుతుంటే ఒక్కొక్క మడతా కోసింది. తమ్ముడు తెగిన పీలికలు లాగుతూ పోయాడు. కిటికీ చువ్వ ఒకటి ఊడి నీళ్లలో పడింది. ఇంకొకటి పట్టుకుంది. ఆఖరి పీలిక రాగానే తమ్ముడు మోటారు దించి దాని స్టార్టు తాడు లాగాడు. మొదటి లాగుడుకే అందుకుంది, నేను చువ్వకు చుట్టిన తాడు విప్పేశాను.

ఆమె కత్తెర తుడిచి, మళ్లీ గుడ్డలో చుట్టుకుని, దొంగతనం చేసిన పిల్లలా నా వైపు చూసింది. "మొన గలది తేవద్దన్నవ్. తెచ్చిన. ఏమనుకోకన్నా. మిషన్ ఎట్లన్న పాయె, గిదన్న ఉండాలె అనుకున్న," అంది.  నిమ్మకాయ ఇంకా నా చేతిలోనే ఉంది.

రోడ్డు మీదికి చేరాక ఒక్కొక్కరినీ దించాం. ఆమె చివరన దిగింది. మిషన్ సంగతి ఎత్తుతుందని, మళ్లీ వెళ్లి తెమ్మని ఏడుస్తుందని ఎదురుచూశాను. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె చెయ్యి చాచి, "నా పిన్నీసులు ఇయ్యన్నా," అంది. అంతే. డబ్బాలోంచి తన పిన్నీసులు ఏరుకుని పుస్తెలతాడుకు గుచ్చుకుని, పక్కకు జరిగి నిలబడి సందు వైపు చూస్తూ ఉంది. అడిగి ఉంటే నేను కాదనేవాణ్ణి. అడగకుండా నిలబడ్డ మనిషిని కాదనడం నాకు చేతకాలేదు.

తమ్ముడు మోటారు దగ్గర తల దించుకుని ఉన్నాడు.  "కత్తి నేనే తీసిన అన్నా. గుమ్మడికాయకు. జాగ ఖాళీగుందని, పడవకు మంచిగైతదని నిమ్మకాయ..."

చెంచా పక్కకు జరిగితే ఇల్లు పీకి పందిరేసే మనిషిని నేను. ఆ రోజు నాకు తిట్టు ఒక్కటీ దొరకలేదు. పడవ చల్లగా ఉండాలనే కదా అతను పెట్టింది. అది ఎవరి మీద ప్రేమ? పడవలో కూర్చునేది నేనూ అతనూ. "పెట్రోల్ చూడు. ఇంకా జనం ఉన్నరు, పోదాం పా," అన్నాను.

ఆ చివరి ఇళ్ల దగ్గర ఒక ముసలి జంట మిగిలి ఉన్నారు. వాళ్లను తెచ్చి ఇక ఆపేయమన్నారు సార్, నీళ్లు పెరుగుతున్నాయి. వాళ్లను ఎక్కించుకున్నాక పడవలో చోటు ఉంది. చోటు ఉంటే సామాను పెట్టొచ్చని రూలేమీ లేదు. తమ్ముడు నన్నడగలేదు, నేను అతనికి చెప్పలేదు. పడవ తనంతట తానే ఆమె మెట్ల ముందు ఆగినట్టు ఆగింది. నీళ్లు గడప దాటి గదిలోకి వచ్చేశాయి. బల్ల తేలుతోంది. సజ్జ మీద దుప్పటి మూట పొడిగానే ఉంది.

ఇనుప మూలలు రబ్బరుకు తగలకుండా దాన్ని ఎట్లా సర్దాలి? జీవితమంతా నేర్చుకున్నదంతా ఆ ఒక్క మూట మీద పెట్టాను. నా రెయిన్‌కోటు చుట్టాను. మిగిలిన పిల్లల లైఫ్ జాకెట్ ఒకటి తొడిగి బెల్టు బిగించాను. నేను కూర్చునే చోట దాన్ని కూర్చోబెట్టి, నేను పక్కన మోకాళ్ల మీద ఉండి రెండు చేతులతో పట్టుకున్నాను. తడిసి ముద్దయినా ఆ ముసలాయన నవ్వాడు. "బిడ్డ ఎవరిది సారూ?" అన్నాడు.

రోడ్డు మీద సార్ చూడనే చూశారు. "ఇదేంది?"

"ప్యాసింజర్ సార్," అన్నాడు తమ్ముడు, నేను నోరు తెరిచేలోగా.

సార్ జాకెట్ తొడుక్కున్న మిషన్ వైపు, దాని కోసం నీళ్లలోకి దిగి పరుగెత్తుకొస్తున్న ఆమె వైపు చూశారు. "బెల్టు మంచిగ పెట్టినవా?" అని మాత్రం అడిగి అటు తిరిగారు. ఆమె మిషన్ను అందుకోలేదు. ముందు జాకెట్ మీద చెంప పెట్టి ఏడ్చింది. మేమిద్దరం తాడు చుట్టుకుంటూ మొహాలు దాచుకున్నాం.

వరద తీసిన కొన్ని వారాలకు ఆమె స్టేషన్‌కు వచ్చింది. ఒక కవరు నా చేతికిచ్చింది. అందులో మందపాటి రెక్సిన్‌తో కుట్టిన జేబు. ముందు వైపు చీరల కవరు ప్లాస్టిక్ వేసింది, లోపల కత్తి ఉందో లేదో బయటికే కనపడుతుంది. కుట్లు రెండు వరసలు. అట్లాంటి పని డబ్బు పెట్టినా దొరకదు. దాని పక్కనే చిన్నదింకొకటి కుట్టి ఉంది, గుండ్రంగా, గుప్పెడంత.

"ఇదెందుకమ్మా?" అన్నాను.

"గిది నిమ్మకాయకన్నా. దానికి జాగ లేకనే గదా, పోయి కత్తి జాగల కూసున్నది," అంది.

 మర్నాడు ఆ రెండు జేబుల్నీ పడవకు అతికించింది తమ్ముడే. నేను పక్కన నిలబడి, ఇంకొంచెం కుడికి, ఇంకొంచెం పైకి అంటూ అతని ప్రాణం తీశాను.

నేను రిటైరైన రోజు పడవ అప్పగిస్తూ, నా స్థానంలో వచ్చినతన్ని కళ్లు మూసుకోమని, అతని చెయ్యి పట్టుకుని ఒక్కొక్క జాగా తడిమించాను. తాడు. కత్తి. పంపు. గుండ్రటి జేబు దగ్గర అతని వేళ్లు ఆగాయి. "ఇది ఖాళీగ ఉంది సార్," అన్నాడు.

అందులో నిమ్మకాయ పెట్టే తమ్ముడు ఆ రోజు సెలవులో ఉన్నాడు. నేను గొడుగు తీసుకుని మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి వెళ్లాను, మచ్చ లేనిది ఏరి ఒక నిమ్మకాయ కొనుక్కొచ్చాను, దాని జాగాలో దాన్ని పెట్టాను. ఆ తర్వాతే అప్పగింత కాగితం మీద సంతకం చేశాను.